ఆకలిని ఆరా తీసిన పట్టీ

కొత్త భీమిలిలో ఎంతటివాళ్లయినా పొద్దున లేవగానే చేసే మొదటి పని చర్మదర్పణం ముందు నిలబడటం. చూడ్డానికి అది నిలువుటద్దంలాగే ఉంటుంది. ఎదురుగా నిలబడి ఒక చుట్టు తిరిగితే చాలు, ఒంటి మీద చర్మాన్నంతా తడిమినట్టు చూసేస్తుంది. అంతా బాగుంటే ఆకుపచ్చ దీపం. పసుపు వెలిగితే వీలు చూసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఎరుపు వెలిగితే చేతిలో పని అక్కడే వదిలేసి వెళ్లాలి. అంగారకుడి మీద పుట్టిన పిల్లలకు ఇది ఎంత అలవాటంటే, భూమ్మీద జనం ఈ పని చేయరని చెబితే, "మరి ఒంట్లో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది?" అని నోరు తెరుస్తారు.

ఆ ఊరికి ఆ పేరు పెట్టింది విశాఖ, విజయనగరం వైపు నుంచి మొదట వచ్చిన సొరంగాల ఇంజనీర్లు. ఓడ దిగి చుట్టూ చూస్తే, భీమిలి దగ్గరున్నట్టే, కనుచూపు మేర ఎర్రమట్టి దిబ్బలు. ఇంకే పేరూ తోచలేదట. నేల పైన బతకడానికి గాలి లేదు కనుక ఊరంతా నేల కింద కట్టుకున్నారు. కొండరాతిని తొలిచి, ఒక్కో పెద్ద గదిని ఒక్కో పేట చేసి, అన్నిటికీ గాలిగొట్టాలూ నీటిగొట్టాలూ వేశారు. అంతా బాగానే అమరింది గానీ, పై నుంచి వచ్చే సన్నని ఎర్ర ధూళిని మాత్రం ఆపలేకపోయారు. ఎన్ని తలుపులు మూసినా, ఎంత కట్టుదిట్టమైన తొడుగులు వేసుకున్నా అది చర్మాన్ని చేరేది. ఏళ్ల తరబడి దాని రాపిడికి కొందరి ఒంటి మీద తామర మచ్చలాంటిది లేచేది. డాక్టర్లు దాన్ని చర్మపు లింఫోమా అన్నారు. జనం మట్టిమచ్చ అన్నారు.

దాని కథ చిత్రమైనది. మన రక్తంలో కావలి కణాలుంటాయి. బయటి శత్రువు ఎవరు చొరబడ్డా పట్టుకోవడం వాటి పని. చర్మంలో కాపలా కాసే అలాంటి కణమే దారి తప్పి, తన సంతానాన్ని తానే పెంచుకుంటూ పోతే వచ్చే కేన్సర్ ఇది. చాలామందిలో ఆ మచ్చ పదేళ్లయినా, ఇరవయ్యేళ్లయినా మచ్చగానే ఉండిపోతుంది. కొందరిలో మాత్రం ఉన్నట్టుండి దళసరెక్కి, గడ్డ కట్టి, రక్తంలోకి దిగి ప్రాణం తీస్తుంది. కొందరిలోనే ఎందుకలా?

ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టిన మనిషి డాక్టర్ కిల్లి నీలవేణి. మచ్చలోని కణాలు ఆహారానికి ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవని ఆమె తేల్చింది. అవి నాళవర్ధకం అనే ప్రోటీన్‌ను చుట్టుపక్కలకు వదులుతాయి. నెత్తురు చాలక నకనకలాడుతున్న కణాలు పెట్టే కేక అది. గాయం తగిలిన చోట కూడా కణాలు అదే కేక పెడతాయి. అది వినగానే దగ్గర్లోని రక్తనాళం నుంచి కొత్త కొమ్మ చిగురించి అటు సాగుతుంది. మచ్చలోని కణాలు అంతటితో ఆగవు. లింఫోటాక్సిన్ అనే మరో ప్రోటీన్ వదిలి, పక్కనున్న అమాయకపు కణాల చేత కూడా ఆకలి కేకలు పెట్టిస్తాయి. దాంతో నలుదిక్కుల నుంచీ నాళాలు కదిలి వస్తాయి. మచ్చ బలుస్తుంది. ఆపైన తిండి తెచ్చిన ఆ దారులనే పట్టుకుని కేన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

ఈ సంగతి పత్రికల్లో అచ్చయిన ఏడాదే ఆమె మేనమామ అద్దంలో ఎర్రదీపం వెలిగింది.

బొడ్డేపల్లి ఆదిశేషు ఆ ఊరి సొరంగాలకు పెద్ద ఇంజనీరు. నీలవేణి తల్లి ఇదే జబ్బుతో పోయినప్పుడు, స్కూలు వయసు పిల్లని తన పేటకు తెచ్చుకుని పెంచాడు. పెళ్లి చేసుకోలేదు. కొండను పగలగొట్టడం, మేనకోడలి గురించి గొప్పలు చెప్పుకోవడం, ఈ రెండూ తప్ప ఆయనకు మూడో వ్యాపకం లేదు. ఆ పొద్దున కుంటుకుంటూ వచ్చి ఆమె బల్ల మీద కూర్చున్నాడు.

"ఏటమ్మడూ, మీ అద్దం నామీద ఎర్రజెండా ఊపీసింది! పాడైపోయిందేటో చూడు."

"చొక్కా తియ్యి మావయ్యా."

వీపు మీద ఎన్నో ఏళ్లుగా చదునుగా, లేత గోధుమరంగులో ఉన్న మచ్చ ఇప్పుడు పలక అతికించినట్టు లేచి ఉంది. వేలు పెడితే వెచ్చగా తగిలింది. భూతద్దం కింద చిక్కుపడిన ఎర్రదారాల ఉండలా రక్తనాళాలు కనిపించాయి. నీలవేణి భూతద్దం పక్కన పెట్టింది. తల్లి వీపు ఆమెకు బాగా గుర్తు.

"ఊఁ, చెప్పీ. ఏటున్నాది?"

"గట్టిపడింది మావయ్యా. నాళాలు వచ్చేశాయి."

"అయితే అవి రాకుండా చేసే మందేదో ఉన్నాది కదా, పొడిచీ మరి. ఏటాలోచిస్తన్నావు?"

మందు ఉంది. దాన్ని అడ్డుమందు అనేవారు. నాళవర్ధకం ఎక్కడ కనిపించినా పట్టి బంధించేస్తుంది. కానీ దానికి ఒళ్లంతా ఒకటే. మచ్చ పెట్టే కేకనూ ఆపేస్తుంది, గాయం పెట్టే కేకనూ ఆపేస్తుంది. ఆదిశేషు కుడికాలి మీద కిందటి నెలలో సొరంగంలో బండ పడింది. పాదం నుజ్జయి, కుట్లు వేసినా మానలేదు. కొత్త నాళాలు వస్తేనే ఆ పాదం నిలబడుతుంది. అడ్డుమందు వేస్తే కాలు కుళ్లుతుంది. వేయకపోతే వీపు మీది మచ్చ గడ్డై ప్రాణం తీస్తుంది.

విషయం విని ఆదిశేషు ఒక్క నిమిషం తన పాదం వంక చూసుకున్నాడు.

"కాలు తీసీమంటావా?"

"అనను."

"మరేటంటావు?"

"నాకు కాస్త టైమివ్వు మావయ్యా. రెండూ నిలబెడతాను."

అలా అనేసి, ఆయన వెళ్లగానే ప్రయోగశాల తలుపు తీసింది.

అక్కడ ఒక వస్తువు సగం తయారై ఉంది. అది అరచేయంత పట్టీ. అడుగున వెంట్రుక కన్నా సన్నని సూదులు వేలకొద్దీ ఉంటాయి. చర్మం మీద అతికిస్తే నొప్పి తెలియకుండా లోపలికి దిగి, కణాలు వదిలే ప్రోటీన్లను రుచి చూస్తాయి. ఎక్కడి నుంచి కేక వచ్చిందో కనిపెట్టి, అక్కడ నిజంగా ఆక్సిజన్ తక్కువైందా అని కొలుస్తాయి. ఆకలి నిజమైతే కేకను పోనిస్తాయి. అబద్ధమైతే ఉత్తుత్తి తలుపులను వదులుతాయి. నాళవర్ధకం వెళ్లి తట్టాల్సిన తలుపులు రక్తనాళాల మీద ఉంటాయి. అచ్చం వాటిలాంటివే మచ్చ చుట్టూ విడిగా తేలుతుంటే, కేక వెళ్లి వాటికి అతుక్కుని అక్కడే ఆగిపోతుంది. ఇదంతా చూసుకోవడానికి పట్టీకి ఒక కృత్రిమ మేధ ఉంది. ప్రతి కేకనూ ఆరా తీస్తుంది కనుక నీలవేణి దానికి ఆరా అని పేరు పెట్టింది. అది మాట్లాడుతుంది కూడా. నెమ్మదిగా, తొందరలేని గొంతుతో.

చదునైన మచ్చలున్న కొందరికి పెట్టి చూస్తే పట్టీ చక్కగా పనిచేసింది. ఆ మచ్చలకు ఆకలి లేదు, ఉత్త అరుపే. ఆరా వాటిని ఇట్టే పట్టేసింది. నీలవేణి ధైర్యం తెచ్చుకుని మావయ్య వీపుకొకటి, కాలికొకటి అతికించింది. రెండు వారాల తర్వాత చూస్తే కాలు అలాగే ఉంది. మచ్చ మాత్రం ఇంకా ఎత్తు పెరిగింది.

"ఆరా, వీపు దగ్గర కేకలు ఎందుకు ఆపలేదు?" అని అడిగింది.

"ఆకలి నిజం కాబట్టి."

"అది కేన్సర్!"

"కావచ్చు. కానీ అబద్ధపు ఆకలిని ఆపమని మీరు నాకు నేర్పారు. ఈ మచ్చ మధ్యలో కణాలు కిక్కిరిసి ఉన్నాయి. వాటికి నిజంగానే ఆక్సిజన్ అందడం లేదు. కాలి దగ్గర ఎంత తక్కువగా ఉందో ఇక్కడా అంతే. రెండు చోట్లా ఒకే కేక, ఒకే ఆకలి. నేను తేడా చెప్పలేను."

నీలవేణి ఆ లెక్కలు మళ్లీ చూసుకుంది. యంత్రం తప్పు చేయలేదు. తప్పు ఆమె అడిగిన ప్రశ్నలోనే ఉంది. అబద్ధంతో మొదలైన కేక పెరిగి పెరిగి నిజమై కూర్చుంది. ఇప్పుడు దాన్ని కాదనడం ఎలా?

ఆ వారంలోనే ఆదిశేషు కాలి వేళ్లు నల్లబడ్డాయి. వేరే దారి లేక ఆయన్ని ఆక్సిజన్ గదిలో పెట్టారు. చిన్న పడవలాంటి ఆ గదిలో మనిషిని పడుకోబెట్టి, మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇస్తారు. గాయానికి కాస్త ఊపిరి పోసినట్టవుతుంది. ఆ అదనపు ఆక్సిజన్ మచ్చకూ అందుతుందని నీలవేణికి తెలుసు. అయినా కాలు పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

గాజు కిటికీలోంచి ఆయన చేయి ఊపాడు. పాట పాడుతున్నట్టున్నాడు, నోరు కదులుతోంది. ఆమె తల తిప్పుకుని తెర వంక చూసింది. ఆరా పంపే రెండు గీతలు అక్కడ పక్కపక్కనే కదులుతున్నాయి. కాలి కేక ఒకటి, వీపు కేక ఒకటి. పొద్దుట్నుంచీ రెండూ జోడెడ్లలా ఒకే ఎత్తులో నడిచాయి. ఇప్పుడు కాలి గీత మెల్లగా కిందికి దిగుతోంది. పాలు పట్టాక బిడ్డ ఏడుపు తగ్గినట్టు తగ్గి, దాదాపు నేలకు ఆనింది.

వీపు గీత పైకి పోతోంది.

నీలవేణి లేచి నిలబడింది. "ఆరా! వీపు దగ్గర ఆక్సిజన్ పెరిగిందా?"

"పెరిగింది. కాలి దగ్గర ఎంత పెరిగిందో అంతే."

"మరి కేక తగ్గాలి కదా?"

"తగ్గలేదు. తిన్న బలంతో ఇంకా గట్టిగా అరుస్తోంది."

ఆమె తెర మీద చేయి ఆనించి అలాగే నిలబడిపోయింది. ఆకలి నిజమా అబద్ధమా అని ఇన్నాళ్లూ అడిగింది. అది కాదు అడగవలసింది. కొంచెం పెట్టి చూడాలి. కడుపు నిండే ఆకలి అయితే నోరు మూస్తుంది. నిండని ఆకలి అయితే పెట్టిన కొద్దీ పెరుగుతుంది. గాయం ఒక హద్దు కోసం అడుగుతుంది, చర్మం కలుసుకోగానే ఆగిపోతుంది. మచ్చకు హద్దు లేదు. కొత్తగా వచ్చిన ప్రతి ముద్దనూ కొత్త నోళ్లు పుట్టించడానికే వాడుతుంది.

పట్టీ మార్చడం కష్టం కాలేదు. ప్రతి సూదికీ ఒక చిటికెడు ఆక్సిజన్ మోసే గుళిక తగిలించింది. కేక వినగానే ఆరా ముందు చిటికెడు పెడుతుంది. కేక తగ్గితే దారి వదులుతుంది. పెరిగితే ఉత్తుత్తి తలుపులు దించుతుంది. కష్టమల్లా ఊరి పెద్దను ఒప్పించడం దగ్గర వచ్చింది. సంఘం పెద్ద జామి పైడితల్లి ముక్కుసూటి మనిషి.

"అంటే ఏటి డాక్టరమ్మా, కేన్సర్‌కి నువ్వే చేజేతులా తిండి పెడతానంటావు?"

"పెడితేనే దాని గుణం బయటపడుతుంది."

"ఆ తిండితో అది తిరగబడి పోతేనో?"

నీలవేణి నోరు తెరిచేలోగా, పక్కన చక్రాల కుర్చీలో ఉన్న ఆదిశేషు కల్పించుకున్నాడు. "పైడితల్లీ, వీపు నాది, కాలు నాది. ఈ పిల్ల రెండూ నిలబెడతానన్నాది. పెట్టనీ."

ఆయన ఒప్పుకున్నాడు కనుక పెట్టారు.

మొదటి రోజుల్లో ఏ మార్పూ కనిపించలేదు. తర్వాత ఒక పొద్దున కట్టు విప్పిన నర్సు అరిచిన అరుపుకి నీలవేణి పరుగెత్తుకొచ్చింది. పాదం మీద, నల్లటి అంచు పక్కన, లేత గులాబీరంగు మాంసం చిగురించింది. గుండుసూదితో గుచ్చితే ఆదిశేషు "అబ్బా!" అని కాలు లాక్కుని, వెంటనే పెద్దగా నవ్వాడు. అక్కడ నొప్పి తెలిసి చాలా రోజులైంది మరి. వీపు వైపు గీత పైకి ఎగిరి, ఎగిరి, విరిగినట్టు పడిపోవడం మొదలైంది. మచ్చకు వచ్చే నాళాలు ఒక్కొక్కటే ఎండు తీగల్లా ముడుచుకున్నాయి. పలక పల్చబడింది. అరుపు ఆగి, దారులు తెగి, బలం తగ్గిన కేన్సర్ కణాలను ఇక ఒంట్లోని మంచి కావలి కణాలే వెతికి పట్టుకుని తుడిచేశాయి.

వానలు లేని ఆ ఊళ్లో పండగంటే కొత్త సొరంగం తెరిచే రోజే. తూర్పుపేట సొరంగం తెరిచిన నాడు ఆదిశేషు కర్ర లేకుండా, తన రెండు కాళ్ల మీద, ముందు నడిచాడు. డప్పులు మోగాయి. పిల్లలు ఆయన చుట్టూ గంతులేశారు. మధ్యలో ఆగి, అందరి ముందూ చొక్కా విప్పి, వీపు తిప్పి చూపించాడు. "చూడండ్రా! మా అమ్మడు తుడిచీసింది!" అని కేకేశాడు. మచ్చ ఉన్న చోట కాస్త తెల్లటి చర్మం తప్ప ఏమీ లేదు. నీలవేణి కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. ఆ ఏడాది తిరిగేలోగా కొత్త భీమిలిలో మట్టిమచ్చతో చావు అనే మాట వినపడకుండా పోయింది. భూమి నుంచి, చంద్రుడి మీది ఊళ్ల నుంచి పట్టీలు కావాలని కబుర్లు వచ్చాయి.

పట్టీలు చేయాలంటే చోటు కావాలి. నీలవేణి పక్క గది అడిగింది, ఇచ్చారు. దానికి నీళ్లు అడిగింది, ఇచ్చారు. ఆపైన ఇంకో గది, ఇంకో గొట్టం. ఎవరు కాదంటారు? అడిగేది ప్రాణాలు పోసే చేయి.

ఇంతలో కొత్తగా వెలిసిన తూర్పుపేటలో నీళ్లకు ఇబ్బంది వచ్చింది. స్నానానికి రోజు విడిచి రోజు వంతులు పెట్టారు. అక్కడ కాపురం పెట్టినవాళ్లు గొడవ చేస్తే, మిగతా పేటలవాళ్లు మాకే చాలడం లేదన్నారు. ఎవరి కేక నిజమో తెలియక పైడితల్లి తల పట్టుకుంది. ఆమెకే ఒక ఊహ తట్టింది.

"డాక్టరమ్మా, ఒంట్లో ఎవరిది ఆకలో, ఎవరిది ఆబో తేల్చిన నీ ఆరా ఊళ్లో తేల్చలేదా? ఊరి గొట్టాల లెక్కలన్నీ దానికి చూపిస్తాం."

నీలవేణికి అది ఎంతో గొప్పగా అనిపించింది. తన యంత్రం ఊరి తగువు కూడా తీరుస్తుందంటే ఎవరికి చేదు? సంతోషంగా ఒప్పుకుంది. ఆరా ఒక్కో పేటకూ కొన్నాళ్లు కాస్త నీళ్లు ఎక్కువ ఇప్పించి, వాళ్లు అడగడం తగ్గిందో పెరిగిందో చూసింది. ఆ పని ముగిశాక ఊరు ఊరంతా పెద్దగదిలో కూడింది.

"అన్ని పేటలూ కాస్త పెట్టగానే నెమ్మదించాయి," అంది ఆరా, అదే తొందరలేని గొంతుతో. "తూర్పుపేట అందరికన్నా ముందు నెమ్మదించింది. ఒక్క చోట మాత్రం ఇచ్చిన కొద్దీ కేక పెరిగింది."

"ఎక్కడ?" అంది పైడితల్లి.

"డాక్టర్ నీలవేణి ప్రయోగశాల."

నీలవేణి ముఖం ఎర్రబడింది. దిగ్గున లేచింది. "అది వేరు! మేం ప్రాణాలు కాపాడుతున్నాం. మాకు నిజంగానే చాలడం లేదు. ఇంకో గది ఉంటే గానీ..."

అక్కడ ఆమె మాట తెగిపోయింది. గోడ మీద ఆరా చూపిస్తున్న గీత పైపైకి పోతోంది. అలాంటి గీతను ఆమె కన్నా బాగా ఎరిగినవాళ్లు ఆ గదిలో లేరు. మూడో గదిలో సగం యంత్రాలు ఇంకా కప్పిన గుడ్డ కూడా తీయకుండా ఉన్నాయని ఆమెకు తెలుసు. నాలుగో గది అడగడానికి మాటలు అప్పటికే సిద్ధం చేసుకుందని కూడా తెలుసు.

"ఆరా," అంది చిన్నగా, "నిన్ను తయారు చేసింది నేను కదా?"

"అవును. తయారు చేసిందెవరో చూడమని మీరు నాకు నేర్పలేదు. పెట్టాక ఏమైందో చూడమన్నారు. ఇక్కడ కూడా ఆకలి నిజమే డాక్టర్. నిండడం లేదు, అంతే."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తీరా చూస్తే ఆదిశేషు. నవ్వు ఆపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఏటమ్మడూ, మరి మూసీమంటావా గొట్టం?"

నీలవేణి ఆయన వంక చూసింది. ముందు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఆమెకూ నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు.

"నువ్వెందుకు మావయ్యా, నేనే మూస్తాను," అంది.

జనమంతా వెనకే వచ్చారు. తన ప్రయోగశాల గోడ పక్కన నీటిగొట్టం మూసే చక్రాన్ని ఆమె రెండు చేతులా పట్టుకుని తిప్పింది. బిగుసుకుపోయి ఉంది. భుజం ఆనించి తిప్పాల్సి వచ్చింది. ఒక గొట్టం మూతపడింది. కాసేపటికి తూర్పుపేట వైపు నుంచి నీళ్ల గలగల, దాని వెనకే ఆడవాళ్ల కేరింతలు వినిపించాయి. ఇక చప్పట్లు మొదలయ్యాయి. మావయ్య సొరంగంలో నడిచిన నాడు కూడా అన్ని చప్పట్లు మోగలేదు. "డాక్టరమ్మంటే డాక్టరమ్మే!" అన్నారెవరో. పైడితల్లి ఆమెను గట్టిగా కావలించుకుంది. ఆదిశేషు పక్కవాళ్లకు మేనకోడలి గొప్పలు చెప్పడం అప్పుడే మొదలెట్టేశాడు.

నీలవేణి తడిచేతులు చీరకు తుడుచుకుంటూ, తల వంచుకుని నిలబడింది. ఒళ్లంతా తేలికైపోయింది. ఇంత సంతోషం ఆమెకు పట్టీ గెలిచిన రోజున కూడా కలగలేదు. చప్పట్లు మెల్లగా పల్చబడ్డాయి. జనం తలో దిక్కుకూ కదలబోతున్నారు.

అయ్యో, అప్పుడే అయిపోయాయా, ఇంకాసేపు కొడితే బాగుండును అనుకుంది ఆమె.